మార్మోసెట్ల రంగుల చూపు మీద పనికి వెళ్తున్న మాధవికి

చిరంజీవి మాధవికి,

ఆశీస్సులు. బ్రెజిల్ ఈశాన్యంలోని కాటింగా అడవుల్లో ఏడాది పాటు మార్మోసెట్లనే చిన్న కోతుల మీద పనిచేసే అవకాశం వచ్చిందని రాశావు. చాలా సంతోషం. పంపిన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. పద్ధతుల భాగం పర్వాలేదు గానీ మొదటి వాక్యం మార్చాలమ్మా. "మూడు రంగుల చూపున్న కోతులే తిండి వెతకడంలో మెరుగని నిరూపించడం" అని మొదలుపెట్టావు. అది అలాగే ఉంటే ఏడాదంతా ఆ వాక్యానికి ఊడిగం చేస్తావు. ఏ తిండి, ఎంత దూరం నుంచి, ఎలాంటి వెలుగులో అన్న మూడు ప్రశ్నలూ అందులోకి రావాలి.

ఎందుకంటే ఇప్పటిదాకా తేలిన సంగతులు ఒకవైపు మొగ్గలేదు. కోస్టారికాలోని సాంటా రోసా అడవిలో కపుచిన్ కోతుల మీద లిండా ఫెడిగన్, అమండా మెలిన్, షోజి కవమురా, వాళ్ల సహచరులు ఏళ్ల తరబడి పనిచేశారు. ఆకులో ఆకుగా, పుల్లలో పుల్లగా కలిసిపోయి కూర్చునే పురుగుల్ని పట్టడంలో రెండు కోన్ల కోతులే (కోన్లంటే కంట్లో రంగును పట్టే కణాలు, అవి రెండు రకాలే ఉన్నవన్నమాట) చురుకని, నీడలో ఆ తేడా ఇంకా పెరుగుతుందని 2007లో వాళ్లు చూపించారు. అదే అడవిలో మూడు కోన్ల కోతులు పళ్లు తినే వేగంలో ముందున్నాయని 2017లో తేలింది. మధ్యలో 2014లో 26 ఏళ్ల కాన్పుల, చావుల లెక్క తీసి చూస్తే, మూడు కోన్ల తల్లులకు ఎక్కువ పిల్లలు పుట్టిందీ లేదు, వాటి ఆయుష్షు పెరిగిందీ లేదు. స్పైడర్ కోతుల్లో చిహిరో హిరమత్సు 2008లో చూసినప్పుడు, దగ్గర నుంచి పండును పట్టించడంలో రంగు తేడా కన్నా వెలుగు నీడల తేడాయే ఎక్కువ పనిచేసింది. ఇవన్నీ ఒకేసారి నిజం కావచ్చు. అడిగిన ప్రశ్నలు వేరు, దూరాలు వేరు, వెలుగు వేరు.

అసలు విషయం నీకు తెలిసిందే అయినా అక్కడి సహాయకులకు నువ్వు చెప్పాల్సి వస్తుంది కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. మన గుళ్ల దగ్గర తిరిగే ఎర్రమూతి కోతికీ, బోనెట్ కోతికీ, కొండముచ్చుకూ ఆడా మగా తేడా లేకుండా మనలాగే మూడు రకాల కోన్ కణాలు. కాబట్టి నీ ప్రశ్నను మన దగ్గర అడగడం కుదరదు, పోల్చడానికి రెండో రకం ఉండదు. జావాలోని పంగందరాన్‌లో రెండు కోన్ల మగ మకాక్‌లు కొన్ని దొరికినట్టు 1999లో బయటపడింది గానీ అది చాలా అరుదు. తూర్పు కనుమల దేవాంగపిల్లి మరో కొస. అది రాత్రి జీవి, దానికి నీలి కోన్ పనిచెయ్యదు, మిగిలింది ఒక్క రకమే. అమెరికా ఖండపు చిన్న కోతుల సంగతి ఈ రెండింటికీ మధ్య. వాటిలో పొడవు తరంగాల ఆప్సిన్ (కోన్‌లో వెలుగును పట్టే ప్రోటీన్) జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఒక్కటే ఉంటుంది. కాకపోతే ఆ జన్యువుకు సాధారణంగా మూడు రూపాలు, అంటే మూడు అల్లీళ్లు. మగదానికి ఒక్క ఎక్స్ కాబట్టి ఒక్కటే వస్తుంది. నీలి కోన్‌తో కలిపి రెండు. ఆడదానికి రెండు ఎక్స్‌ల మీద రెండు వేర్వేరు అల్లీళ్లు పడితే మూడు కోన్లు, రెండూ ఒకటే అయితే మగవాటిలాగే రెండు. మోలన్, బోమేకర్, జేకబ్స్ 1984లో స్క్విరెల్ కోతుల్లో ఈ లెక్క తేల్చారు. అరుపు కోతుల్లో ఆ జన్యువు రెండుగా చీలి అన్నిటికీ మూడు కోన్లయ్యాయి, రాత్రి తిరిగే గుడ్లగూబ కోతులకు ఒకటే మిగిలింది. నీకు వాటితో పని లేదు.

మార్మోసెట్ల మూడు అల్లీళ్ల శిఖరాలు, అంటే ఒక్కోటి అన్నిటికన్నా బాగా పట్టే వెలుగు తరంగదైర్ఘ్యాలు, 543, 556, 563 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మూడు కోన్ల ఆడవాటిని అన్నిటినీ ఒకే గంపలో వేస్తారు. 543, 563 కలిసిన దానికి రెండు కోన్ల మధ్య 20 నానోమీటర్ల ఎడం. 556, 563 కలిసిన దానికి 7 మాత్రమే. మనుషుల్లో ఈ ఎడం దాదాపు 30. ఏడు నానోమీటర్ల ఎడంతో ఎరుపు, ఆకుపచ్చల తేడా బాగా పలచబడిపోతుంది, మసక వెలుగులో ఆ కాస్తా మిగలదు. పట్టికలో "మూడు కోన్లు" అన్న ఒక్క గడి సరిపోదు. ఏ జతో రాయి. రెండు కోన్ల వాటికీ ఏ అల్లీలో రాయి.

గుంపుల ఎంపిక దగ్గర ఎక్కువసేపు ఆగు. మార్మోసెట్ గుంపు చిన్నది, మూడు నుంచి పదిహేను దాకా ఉంటుంది. సాధారణంగా ఒక్క ఆడదే కంటుంది, మిగతావి ఎక్కువగా దాని పిల్లలే. అందుకని గుంపంతా ఒకే కుటుంబపు అల్లీళ్ల మీద నడుస్తుంది. తల్లికి రెండూ 563, తండ్రిదీ 563 అయితే ఆ ఇంట్లో మూడు కోన్ల కూతురు పుట్టదు. తల్లి 543, 563 అయి తండ్రి 563 అయితే కూతుళ్లలో సగానికి మూడు కోన్లు. తల్లి 543, 563 అయి తండ్రి 556 అయితే కూతుళ్లందరికీ మూడు కోన్లే. నీకు కావలసింది రెండో రకం కుటుంబం. ఒకే ఇంట్లో, ఒకే చెట్ల మధ్య, ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకదానికి మూడు, ఇంకోదానికి రెండు. అంతకన్నా చక్కటి పోలిక దొరకదు.

ఎన్ని గుంపులు కావాలో వేళ్ల మీద లెక్క వేసుకోవచ్చు. మూడు అల్లీళ్లు నూటికి 50, 30, 20 చొప్పున ఉన్నాయనుకో. ఒకే అల్లీల్ రెండుసార్లు పడే వాటా 25, 9, 4, మొత్తం 38. మిగతా 62 శాతం ఆడవి మూడు కోన్లవి. గుంపుకు మూడు పెద్ద ఆడవి చొప్పున ఆరు గుంపులైతే పద్దెనిమిది, అందులో పదకొండు మూడు కోన్లవి, ఏడు రెండు కోన్లవి. కుటుంబ బంధుత్వం వల్ల ఈ లెక్క అటూ ఇటూ అవుతుంది గానీ ఆరుకు తగ్గితే మాత్రం పోల్చడానికి ఏమీ మిగలదు. మగవాటన్నిటినీ తెచ్చి రెండు కోన్ల వైపు కలిపేసి సంఖ్య పెంచుకుందామనిపిస్తుంది. వద్దు. మగదానికీ ఆడదానికీ తిండి తేడా, కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ ఆకలి తేడా, గుంపులో పెత్తనం తేడా. అవన్నీ కంటి ఖాతాలోకి వచ్చి పడతాయి. అసలు పోలిక ఆడవాటికీ ఆడవాటికీ మధ్యే. మగవాటిని విడిగా చూపించు.

జన్యువు తెలుసుకోవడానికి మలం చాలు, కోతిని పట్టాల్సిన పని లేదు. పడిన వెంటనే తియ్యి, ఎండ తగిలేలోపు. లోపలి గుజ్జు కాదు, పై పొర కావాలి. పేగు గోడ నుంచి రాలిన కణాలు అంటుకుని ఉండేది అక్కడే. శనగగింజంత తీసి, దానికి కనీసం అయిదు రెట్లు పరిమాణం ఉండేలా గాఢమైన ఇథనాల్‌లో వెయ్యి. ఒక రోజు అయ్యాక ఇథనాల్ వంపేసి సిలికా జెల్ మీదికి మారిస్తే వేడి ప్రదేశాల్లో బాగా నిలుస్తుంది. ఒక్కో కోతికి వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు. మార్మోసెట్లు చెట్ల జిగురు తింటాయి కదా, ఆ జిగురు పదార్థాలు డీఎన్ఏతో పాటు వచ్చి, డీఎన్ఏ ప్రతులు తీసే పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. డీఎన్ఏను పలచన చేసి ఒకసారి, బీఎస్ఏ అనే ప్రోటీన్ కలిపి ఒకసారి ప్రయత్నించు. చదవాల్సినవి మూడు చోట్లు. మూడో ఎక్సాన్‌లో, అంటే జన్యువులో మూడో ముక్కలో, 180వ స్థానం, అయిదో ఎక్సాన్‌లో 277, 285. మార్మోసెట్‌లో 563కు ఆ మూడు చోట్లా వరుసగా సెరీన్, టైరోసిన్, థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాలు వస్తాయి. 180లో సెరీన్ బదులు అలనీన్ ఉంటే 556. దానికి తోడు 285లో కూడా అలనీన్ అయితే 543.

ఇందులో తప్పులు మూడు దారుల్లో వస్తాయి. మొదటిది, మలంలో డీఎన్ఏ తక్కువ కాబట్టి ఒక అల్లీల్ జారిపోయి, మూడు కోన్ల ఆడది రెండు కోన్లదిగా కనిపించడం. పదింటిలో మూడుసార్లు అలా జారుతుందనుకుంటే, ఒక్కసారి చేసి నమ్మితే నూటికి ముప్పై తప్పు. నాలుగుసార్లూ అదే ఒక్క అల్లీల్ వస్తేనే ఒప్పుకుంటే తప్పు నూటికి ఒకటి కన్నా తగ్గుతుంది. రెండు అల్లీళ్లున్నాయని ఒప్పుకోవాలన్నా ఒక్కోటి కనీసం రెండేసి సార్లు కనబడాలి. రెండోది, నీ సొంత డీఎన్ఏ. కోతికి పనిచేసే ప్రైమర్లు, అంటే పీసీఆర్‌లో జన్యువును పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు, మనిషి ఆప్సిన్‌కూ అంటుకుంటాయి, మనలో ఆ జన్యువులు రెండు రకాలు పక్కపక్కనే ఉంటాయి. అంటే నీ చేతి చర్మం తగిలితే ప్రతి కోతీ మూడు కోన్లదైపోతుంది. దీన్ని పట్టే గుర్తు ఒకటుంది. మనిషి మధ్య తరంగాల ఆప్సిన్‌లో 277లో ఫినైల్ అలనీన్ ఉంటుంది, మార్మోసెట్ మూడు అల్లీళ్లలోనూ అక్కడ టైరోసినే. 277లో ఫినైల్ అలనీన్ కనిపించిందా, ఆ గొట్టం పారేసి గ్లవ్స్ మార్చుకో. కపుచిన్‌ల మీద ఈ గుర్తు పనిచెయ్యదు, వాటి అల్లీళ్లలో ఆ అమైనో ఆమ్లం సహజంగానే ఉంది.

మూడోది మార్మోసెట్లకు ప్రత్యేకం. వాటికి మామూలుగా కవలలే పుడతారు. గర్భంలో ఇద్దరి రక్తనాళాలు కలిసిపోయి, ఒకరి రక్త మూలకణాలు ఇంకొకరిలో జీవితాంతం ఉండిపోతాయి. రక్తం తీసి చదివితే తోబుట్టువు జన్యువు కూడా వస్తుంది. మలంలో పేగు కణాలతో పాటు తెల్లరక్తకణాలూ ఉంటాయి కాబట్టి అందులోనూ ఆ నీడ సన్నగా పడొచ్చు. అనుమానం వస్తే కుదుళ్లతో సహా ఊడిన వెంట్రుకలు చూడు. జిగురు టేపు చుట్టిన కొమ్మ దగ్గర అరటిపండు ముక్క పెడితే నాలుగైదు వెంట్రుకలు దొరుకుతాయి. నీ పనికి కాపలాదారులు మగకోతులే. వాటికి రెండు అల్లీళ్లు ఉండే వీలే లేదు. ఏ మగదానికైనా రెండు వచ్చాయంటే అది కలగలుపో, కవల నీడో, కల్తీయో. మగవాటి ఫలితాల్లో అలాంటివి ఎన్నో ముందు లెక్కపెట్టు, ఆడవాటి ఫలితాలను ఎంత నమ్మాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఈ ఫలితాలు నీ చేతికి రాకూడదు. ప్రయోగశాలలో ఎవరో ఒకరు సీలు వేసి ఉంచాలి, గుంపు పనికొస్తుందా లేదా అన్నంతవరకే నీకు చెప్పాలి. పచ్చకామెర్లవాడి సామెత నీకు తెలుసు. ఫలానాది మూడు కోన్లదని తెలిశాక అది అటు తల తిప్పితే చాలు "పండును చూసింది" అని రాసేస్తావు, ఇంకోదాన్ని "ఊరకే చూసింది" అంటావు. చేతులారా మోసం చెయ్యనక్కర్లేదు, చెయ్యి దానంతటదే చేస్తుంది.

పచ్చ అన్నాను కాబట్టి ఇంకో మాట. మన భాషలో ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. నోట్సులో ఆ మాట వాడకు. నిజానికి ఏ రంగు పేరూ వాడకు. నీ కన్ను మూడు కోన్ల కన్ను, అందులోనూ 30 నానోమీటర్ల ఎడం ఉన్న కన్ను. నీకు కళ్లు చెదిరేలా కనబడే ఎర్రటి కాయ 556, 563 కోతికి ఎలా కనబడుతుందో నీ పదాలు చెప్పలేవు. పండు ఏ దశలో ఉందో మాత్రం రాయి. అందుకు మన మాటలు భేషుగ్గా ఉన్నాయి: పిందె, కాయ, దోర, పండు, మగ్గినది. ఈ అయిదింటికీ మెత్తదనం, తీపి కొలిచి హద్దులు పెట్టు. చేత పట్టుకునే రిఫ్రాక్టోమీటర్ మీద రెండు చుక్కల రసం వేస్తే బ్రిక్స్, అంటే తీపి కొలత, తెలుస్తుంది. మేడి, అత్తి జాతుల్లో కొన్ని పండినా కాయ రంగులోనే ఉంటాయి. అలాంటి వాటి దగ్గర కోతులు వాసన చూడటం, కొరికి వదిలెయ్యడం ఎక్కువ. రంగు మారే పళ్లనూ మారని పళ్లనూ విడివిడిగా లెక్కించు, కలిపితే రెండూ ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

రంగు కొలవడం స్పెక్ట్రోమీటర్ పని, అది ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గరా వెలుగును విడిగా కొలుస్తుంది. ఫోన్ కెమెరా వద్దు. అది తెల్లదనాన్ని తనకు తోచినట్టు సరిచేసి, మన మూడు కోన్లకు నచ్చేలా రంగులు కలుపుతుంది. కెమెరానే దిక్కయితే రా ఫైళ్లు (కెమెరా సరిదిద్దనివి), ప్రతి ఫొటోలో బూడిదరంగు కార్డు ఉండాలి, ఆపైన కెమెరానే క్యాలిబ్రేట్ చెయ్యాలి. స్పెక్ట్రోమీటర్‌కు టంగ్‌స్టన్ హాలోజన్ దీపం చాలు. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా కొలిస్తే ఈ కోతులకు సరిపోతుంది, అతినీల దీపం మోసుకెళ్లక్కర్లేదు. దీపం వెలిగించి 15, 20 నిమిషాలు ఆగు. చల్లటి దీపంతో తీసిన మొదటి పది కొలతలు ఎప్పుడూ పక్కకు జారి ఉంటాయి. పోలిక కోసం వాడే తెల్ల బిళ్ల మీద గ్రాఫ్ శిఖరం పూర్తి కొలతలో 80, 85 శాతం దగ్గర ఆగేలా సమయం సరిచెయ్యి. పది స్కాన్ల సగటు తీసుకో. ప్రోబ్ 45 డిగ్రీల వాలులో, నల్ల దిమ్మలో బిగించి, దూరం మారకుండా ఉండాలి. నిటారుగా పెడితే పండు తొక్క మెరుపు పడి అన్ని పళ్లూ పాలిపోయినట్టు వస్తాయి. ప్రతి పావుగంటకూ చీకటి కొలత, తెల్ల కొలత మళ్లీ తియ్యి. తెల్ల బిళ్ల మురికైతే గుడ్డతో రుద్దకు. పారే నీళ్ల కింద 220 నుంచి 240 గ్రిట్ నీటి సాండ్‌పేపర్‌తో మృదువుగా అరగదీసి ఆరబెట్టు.

పండు తొక్క మీద సన్నటి బూడిదలాంటి పొర ఉంటుంది, ద్రాక్ష మీద చూస్తాం కదా. అదీ రంగులో భాగమే. వేలితో తుడిస్తే కోతి చూసే పండు పోయి నువ్వు కడిగిన పండు మిగులుతుంది. తొడిమ పట్టుకునే కోయి, కోసిన రోజే కొలువు. చెట్టుకు పది పళ్లు, పండుకు మూడు చోట్లు. నేపథ్యాన్ని మరవకు. ఆకు పైభాగం, అడుగుభాగం, లేత ఆకు, ముదురాకు, ఎండుటాకు, బెరడు, అన్నీ కొలవాలి.

కాటింగాలో నేపథ్యమే పెద్ద కథ. ఆ పేరుకు అక్కడి తుపి భాషలో తెల్ల అడవి అని అర్థం. వానాకాలం పోగానే ఆకులు రాలిపోయి బూడిదరంగు ముళ్ల కొమ్మలు మిగులుతాయి. రాయలసీమ చిట్టడవుల్ని ఎండాకాలంలో చూసినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. మన చేలగట్ల నాగజెముడు కూడా అమెరికా ఖండాల నుంచే వచ్చింది. అక్కడ మందకారు అనే నిలువెత్తు జెముడుకు ఎర్రటి తొక్క, తెల్లటి గుజ్జు ఉన్న పళ్లు కాస్తాయి. ఇప్పుడు ఆలోచించు. మూడు కోన్ల లాభం గురించి పుస్తకాల్లో ఉన్న వాదనంతా పచ్చని ఆకుల మీద నిలబడింది. ఎండ, నీడ పడినప్పుడు ఆకుల వెలుగూ, నీలి పసుపు అక్షం మీద వాటి రంగూ విపరీతంగా మారతాయి గానీ, ఎరుపు ఆకుపచ్చల అక్షం మీద దాదాపు కదలవు. ఆ కదలని తెర మీద పండు ఎద్దుకొమ్ములా పొడుచుకు వస్తుంది. ఆకులే లేని నెలల్లో ఆ తెర ఉండదు. అందుకే రెండు రుతువుల్లోనూ నేపథ్యం కొలవమంటున్నాను. నీ ప్రతిపాదనలో నాకు బాగా నచ్చిన అవకాశం ఇదే. నువ్వేమో దాన్ని ఒక ఫుట్‌నోట్‌లో పెట్టావు.

వెలుగు కొలత విడిగా తియ్యాలి. అన్ని కోణాల వెలుగునూ పట్టే కోసైన్ మూతతో, కోతి ఉండే ఎత్తులో. అడవి వెలుగును జాన్ ఎండ్లర్ 1993లో విడగొట్టిన రకాలు ఇప్పటికీ పనికొస్తాయి: ఆకుల కింది చిక్కటి నీడ ఆకుపచ్చ వైపు, ఆకాశం కనబడే పలచటి నీడ నీలం వైపు, చిన్న సందులో పడే ఎండ పసుపు ఎరుపుల వైపు, పెద్ద ఖాళీ లేదా మబ్బు పట్టిన రోజు తెలుపు. ప్రతి పరిశీలనకూ ఒక కోడ్, పక్కన లక్స్ మీటర్ అంకె. మసక వెలుగు కోసం తెల్లవారుజామునే వెళ్లి కూర్చోకు. మార్మోసెట్లు పొద్దెక్కాక లేచి, పొద్దుండగానే పడుకుంటాయి. చిక్కటి నీడలోనే ఆ కొలతలు రావాలి.

ఆ తర్వాత లెక్క. ప్రతి నానోమీటర్ దగ్గరా మూడింటిని గుణించాలి: వస్తువు తిప్పికొట్టే వెలుగు, మీద పడే వెలుగు, కోన్ గ్రహణశక్తి. అన్నీ కూడితే ఆ కోన్‌కు అందిన ఫోటాన్లు వస్తాయి. పరికరం శక్తిని వాట్లలో ఇస్తే ముందు దాన్ని తరంగదైర్ఘ్యంతో గుణించి ఫోటాన్లలోకి మార్చు. ఇది మరిచిపోయి నీలాన్ని పెంచేసుకున్నవాళ్లు కొల్లలు. కోన్ గీతకు గొవర్దోవ్‌స్కీ 2000 నమూనాలో శిఖరం అంకె ఇస్తే చాలు, నీలి కోన్‌కు 423 దగ్గర పెట్టు. గణాంకాలకు వాడే ఆర్ అనే కంప్యూటర్ భాషలో పావో ప్యాకేజీ ఇదంతా చేస్తుంది. పండు రంగుకూ ఆకు రంగుకూ మధ్య దూరం వోరోబ్యేవ్, ఒసోరియో పద్ధతిలో తియ్యి. ఒకటి కన్నా తక్కువ వస్తే మంచి వెలుగులో కూడా తేడా తెలియనట్టు. ఆ పద్ధతిలో కోన్ నాయిస్ (కోన్ సంకేతంలో తనంతట వచ్చే తడబాటు) అంకె ఒకటి ఊహించి ఇవ్వాలి. 0.02 నుంచి 0.08 దాకా మార్చి చూడు. నీ తీర్మానం ఆ ఊహతో పాటు తిరగబడితే అది కోతి గురించి కాదు, ఆ అంకె గురించి. వెలుగు తేడాను ప్రత్యేకంగా ఇంకో వరుసలో పెట్టు. దాన్ని వదిలేస్తే ప్రతి ఫలితమూ రంగు వల్లే వచ్చినట్టు కనిపిస్తుంది.

పరిశీలన పది నిమిషాల చొప్పున ఒకే కోతి మీద చెయ్యి. చూసింది, చెయ్యి చాపింది, వాసన చూసింది, కొరికింది, పారేసింది, తినేసింది, వీటికి ఒక్కో అక్షరం. దూరం మూడు మెట్లు: చెట్టును కనిపెట్టడం, కొమ్మల్లో పండును కనిపెట్టడం, చేతి దూరంలో ఎంచుకోవడం. మొదటి మెట్టు దగ్గర గుంపు సాయం ఉంటుంది. మూడు కోన్ల అక్క ముందు నడిస్తే రెండు కోన్ల తమ్ముడు వెనకాలే వచ్చి తింటాడు. అందుకని చెట్టు దగ్గరికి ఎవరు ముందు చేరారో తప్పకుండా రాయి. చెట్టు నిన్న కూడా వచ్చినదైతే అది జ్ఞాపకం, కన్ను కాదు.

ఇంకో సూచన. మార్మోసెట్లు కింది దవడ పళ్లతో బెరడు గీరి జిగురు నాకుతాయి. ఆ పనిలో రంగుకు పెద్దగా పాత్ర ఉండకూడదు. కాబట్టి జిగురు తినే వేగాన్ని కూడా అంతే శ్రద్ధగా రాయి. మూడు కోన్లవి పళ్లలో ముందుండి, జిగురులో సమానంగా ఉంటే నీ మాటకు బలం. రెండింటిలోనూ ముందుంటే అది పెత్తనమో, వయసో, ఆకలో అయి ఉంటుంది.

పురుగుల దగ్గర రెండు వరుసలు ఉంచు. ఆకు మీద మిడత, కొమ్మ మీద పుల్లపురుగు లాంటి బయట కూర్చునేవి ఒకటి, చుట్టుకున్న ఆకులోనో బెరడు కిందో దాక్కునేవి రెండోది. రెండు కోన్ల కన్నుకు లాభం ఆశించేది మొదటి వరుసలోనే. రంగు మచ్చలు దృష్టిని పక్కకు లాగకపోతే ఆకారం, గరుకు తేలిగ్గా తెలుస్తాయి. రంగుతో మరుగుపరిచిన ఆకారాన్ని రెండు కోన్ల మనుషులు పట్టగలరని 1992లోనే మోర్గన్, ఆడమ్, మోలన్ చూపించారు. మార్మోసెట్ చేతిలో పురుగు రెండు సెకన్లు కూడా ఉండదు, ఏదో తెలియకపోతే "తెలియదు" అని రాయి. అంచనా వేసి నింపిన గడులు వరుస మొత్తాన్ని పాడుచేస్తాయి.

అనుమతి దొరికితే బల్ల పరీక్ష ఒకటి పెట్టు. నాన్సీ కేన్, నికొలస్ మండీ 2000లో జఫ్రాయ్ మార్మోసెట్ల ముందు నారింజ, ఆకుపచ్చ తిండి ఉండలు పెట్టి మూడు కోన్లవి నారింజవాటిని ఎక్కువ కనిపెడతాయని చూపించారు. నువ్వు 60 సెంటీమీటర్ల చదరపు పళ్లేలు నాలుగు, ఒకదానికొకటి రెండు మీటర్ల పైన ఎడంగా పెట్టు, లేకపోతే పెద్దది అన్నిటి మీదా కూర్చుంటుంది. రెండిట్లో ఆకుపచ్చ రంగేసిన రంపపు పొట్టు, రెండిట్లో ఎండు ఆకులూ పుల్లలూ. ఒక్కో పళ్లెంలో సెంటీమీటర్ ఉండలు నారింజవి పన్నెండు, ఆకుపచ్చవి పన్నెండు, అన్నీ ఒకే పిండి. ప్రతి రంగునూ లేత, మధ్య, ముదురు అని మూడు గాఢతల్లో చెయ్యి. అలా చెయ్యకపోతే కోతి రంగు చూడకుండా ముదురు లేత చూసి ఏరుతుంది, నువ్వు మోసపోతావు. ఉండల్ని స్పెక్ట్రోమీటర్ కింద పెట్టి మూడు రకాల రెండు కోన్ల కళ్లకూ విడివిడిగా లెక్క చూడు. 543 కంటికి కలిసిపోయే జత 563 కంటికి విడిపోవచ్చు. వాసన తేడా రాకుండా పళ్లెమంతా అరటిగుజ్జు రాయి. వారం పాటు రంగులేని ఉండలతో అలవాటు చేసి, తర్వాతే మొదలుపెట్టు. లెక్కలోకి మొదటి మూడు ఎంపికలే తీసుకో, ఆపైన పళ్లెంలో మిగిలినవాటి నిష్పత్తి మారిపోతుంది. 350 గ్రాముల జంతువు అది, ఒక్కోదానికి రోజుకు అయిదారు గ్రాముల కన్నా ఎక్కువ పెట్టకు.

గణాంకాల్లో ఒకటే హెచ్చరిక. అయిదువేల పళ్లు రాసుకున్నా నీ దగ్గర ఉన్నవి పద్దెనిమిది ఆడకోతులే. కోతినీ, గుంపునూ, చెట్టునూ ర్యాండమ్ ఎఫెక్ట్‌లుగా పెట్టు, అంటే ఒక్కోదాని సొంత తేడా లెక్కలో విడిగా పోవాలి. నీతో పాటు రాసే సహాయకుడితో ఒకే కోతిని ఒకేసారి చూసి రాసి పోల్చు. మీ ఇద్దరి రాత ఎంత కలిసిందో చెప్పే కప్పా అంకె 0.8కి చేరేదాకా అసలు డేటా మొదలుపెట్టకు.

మిగతావి చిన్నవి. బ్రెజిల్‌కు ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకో. ఆ సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్. జంతువును తాకకుండా ఏరిన మలం సైటిస్ (వన్యజీవుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) పరిధిలోకి రాదు గానీ, బ్రెజిల్ అనుమతులూ మన దిగుమతి అనుమతీ వేరు, అవి నెలలు పడతాయి, ఇప్పుడే మొదలుపెట్టు. పెదవి మీద నీటిపొక్కు వస్తే అది ఎండి రాలేదాకా గుంపు దగ్గరికి వెళ్లకు, ఉండలు చేసే పిండి ముట్టకు. మనకు కొన్ని రోజుల చిరాకు అయిన ఆ హెర్పిస్ మార్మోసెట్లను చంపేస్తుంది.

మొదటి నెల కాగానే మగకోతుల పీసీఆర్ ఫలితాలు, తెల్ల బిళ్ల ఫైళ్లు నాకు పంపు. ఆడవాటివి పంపకు, నేనూ చూడకూడదు.

ఇట్లు,
నీ మాస్టారు